స్లెడ్ కుక్కలు, మషింగ్ క్రీడ

మంచు మీద జారుతూ పోయే చక్రాల్లేని బండిని స్లెడ్ అంటారు. దాన్ని లాగేవి స్లెడ్ కుక్కలు, తోలే మనిషి మషర్, ఆ విద్య మషింగ్. ఉత్తర ధ్రువ ప్రాంతాల్లో వేల ఏళ్లుగా వేటకు వెళ్లినా, సరకు మోసినా, ఊరు మారినా కుక్కల బండే దిక్కు. ఇప్పుడది అలాస్కా, కెనడా, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ వంటి చోట్ల ప్రధానంగా పోటీ క్రీడ, కొంతవరకు పర్యాటక వ్యాపారం. గ్రీన్‌లాండ్ ఉత్తర భాగంలో మాత్రం ఇప్పటికీ నిత్యావసరం. ఈ క్రీడలో అసలైన అథ్లెట్ కుక్క. మషర్ దానికి శిక్షకుడు, వంటవాడు, కాళ్లు పట్టే సేవకుడు. అతని గొప్పతనం బండి మీద నిలబడటంలో కన్నా బండి ఆపాక చేసే పనిలోనే ఎక్కువగా తెలుస్తుంది.

తాళ్లు, స్థానాలు, మాట

ఎడ్లబండి తోలేవాడికి పగ్గాలుంటాయి, ముల్లుగర్ర ఉంటుంది. మషర్ చేతిలో ఆ రెండూ ఉండవు. పెద్ద జట్టులో అతనికీ ముందు నడిచే కుక్కకూ మధ్య పదిహేను మీటర్లకు పైగా దూరం ఉంటుంది. ఆ దూరాన్ని దాటేది గొంతు ఒక్కటే. ‘జీ’ అంటే కుడికి, ‘హా’ అంటే ఎడమకి, ‘హైక్’ అంటే పరుగు, ‘వో’ అంటే ఆగడం, ‘ఆన్ బై’ అంటే పక్కనున్నదాన్ని పట్టించుకోకుండా సాగిపోవడం. బండి వెనక కాలితో తొక్కే బ్రేకు ఒకటి ఉంటుంది. ఆపినప్పుడు మంచులో దిగ్గొట్టడానికి స్నో హుక్ అనే ఇనుప కొక్కెం ఉంటుంది. అది ఊడిందంటే బండి మనిషిని వదిలేసి వెళ్లిపోతుంది, ఎందుకంటే ఈ కుక్కలకు పరిగెత్తమని చెప్పనక్కర్లేదు, ఆగమని చెప్పడమే కష్టం.

బండి ముక్కు నుంచి ముందుకు సాగే నడిమి తాడును గ్యాంగ్‌లైన్ అంటారు. దానికి రెండు పక్కలా కుక్కల్ని జతలుగా కడతారు. కుక్క వీపు మీది పట్టీ నుంచి వచ్చే టగ్‌లైన్ బరువు లాగుతుంది. మెడ దగ్గరి నెక్‌లైన్ పక్కకు పోకుండా ఆపుతుంది. అందరికన్నా ముందుండేవి లీడ్ కుక్కలు. వాటి వెనక, మలుపుల్లో జట్టును తిప్పే స్వింగ్ కుక్కలు. నడుమ టీమ్ కుక్కలు. బండికి ఆనుకుని ఉండే వీల్ కుక్కలు బలమైనవీ, నిదానమైనవీ అయి ఉండాలి, ఎందుకంటే బండి కుదుపంతా ముందు వాటి మీదే పడుతుంది. చెట్ల మధ్య ఇరుకు బాటలకు ఈ జతల పద్ధతి కుదురుతుంది. చెట్టూ చేమా లేని సముద్రపు మంచు మీద గ్రీన్‌లాండ్, కెనడా ఇన్యూట్‌లు ఒక్కో కుక్కను ఒక్కో తాడుతో విసనకర్రలా విడదీసి కడతారు. మంచు పలచబడిన చోట బరువంతా ఒకే దగ్గర పడకుండా ఉండటం అందులోని మేలు.

లీడ్ కుక్కకు వేగం కన్నా బుద్ధి ముఖ్యం. తుఫానులో బాట కనబడనప్పుడు పాత జాడను పాదాలతో పసిగట్టి నడిపించేది అదే. మషర్ ‘జీ’ అన్నా, ఆ వైపు మంచు పగిలి ఉందని తోస్తే అది కదలదు. అనుభవమున్న మషర్ అలాంటి మొండితనాన్ని తప్పుగా చూడడు. మంచి లీడ్ కుక్క దొరకడం అదృష్టమని ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ అంటారు.

జాతులు, దేహం

సైబీరియన్ హస్కీ రష్యా ఈశాన్య మూలనున్న చుక్చీ ప్రజల కుక్క. అలాస్కన్ మాలమ్యూట్ బరువులు లాగే పెద్ద జాతి, అలాస్కా పశ్చిమ తీరపు ఇన్యూపియాట్‌లు పెంచినది. సమోయెడ్, గ్రీన్‌లాండ్ కుక్క, కెనడా ఇన్యూట్ కుక్క ఆయా ప్రాంతాలవి. పెద్ద పందేల్లో గెలిచేవి మాత్రం ఎక్కువగా అలాస్కన్ హస్కీలు. ఇది ఏ కెన్నెల్ క్లబ్బూ గుర్తించిన జాతి కాదు. రంగు, చెవుల తీరు, కళ్ల నీలం ఎవరూ చూడలేదు. పరుగు, ఓపిక, తిండి యావ, గట్టి పాదాలు చూసి తరతరాలుగా కలిపిన సంకరం. ఇరవై నుంచి పాతిక కిలోల బరువుతో, మన వీధి కుక్కంత ఒళ్లుతో ఉండే ఈ జీవిని మొదటిసారి చూసినవాళ్లు ఇదేనా అనుకుంటారు. తక్కువ దూరపు వేగ పందేల కోసం వీటిని పాయింటర్ జాతి వేటకుక్కలతో కలిపి యూరోహౌండ్‌లను తయారు చేశారు.

దూరప్రయాణంలో ఒక కుక్క రోజుకు దాదాపు 10,000 నుంచి 12,000 కేలరీలు ఖర్చు చేస్తుంది. బరువును బట్టి చూస్తే మేటి మారథాన్ వీరుడి కన్నా రెండింతలకు పైగా ఆక్సిజన్ వాడుకోగలదు. ఇంకా విచిత్రం దాని అలసట తీరు. ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ డేవిస్ బృందం పరిశోధనల్లో తేలినదేమంటే, తొలి రోజు పరుగుకు కండరాల్లోని నిల్వలు ఖర్చయిపోయినా, పరుగు ఆపకుండానే కొద్ది రోజుల్లో శరీరం దారి మార్చుకుంటుంది. ఆ తర్వాత కండరాల నిల్వలు మళ్లీ నిండుతాయి. మనిషి నాలుగో రోజుకు కుదేలైపోతాడు. ఈ కుక్క నాలుగో రోజుకు కుదురుకుంటుంది. దాని తిండిలో మాంసం, చేప, కొవ్వు చాలా ఎక్కువ.

రెండు పొరల బొచ్చు, ముక్కు మీద కప్పుకునే గుబురు తోక, చలికి గడ్డకట్టని పాదాలు దానికి పుట్టుకతో వచ్చిన రక్షణ. పాదాల్లోకి దిగే వేడి రక్తం, పైకి వచ్చే చల్లని రక్తానికి దారిలోనే వేడిని అందిస్తుంది. వేడిని వదిలించుకోవడానికి మాత్రం దానికి ఉన్న మార్గం ప్రధానంగా నాలుక చాచి రొప్పడమే. సున్నా డిగ్రీల ఎండ పగలు కూడా పరుగెత్తే జట్టుకు ఉక్కపోతే. మషర్లు అలాంటి పగటి వేళ విశ్రాంతి ఇచ్చి రాత్రి ప్రయాణిస్తారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో, మే నెల ఎండల్లో, నీలి కళ్లు చూసి ముచ్చటపడి హస్కీని పెంచుతున్నవాళ్లు ఈ ఒక్క విషయమైనా తెలుసుకోవాలి. ఏసీ గదిలో ఉంచితే చాలదు. పరిగెత్తడానికే పుట్టిన జంతువు నాలుగు గోడల మధ్య పడే బాధ వేడి వల్ల మాత్రమే కాదు.

తొమ్మిదిన్నర వేల ఏళ్లు

రష్యాకు ఉత్తరాన, ధ్రువ సముద్రంలోని జోఖోవ్ ద్వీపంలో పురావస్తు శాస్త్రవేత్తలకు స్లెడ్ ముక్కలూ కుక్కల ఎముకలూ దొరికాయి. వాటిలో సుమారు 9,500 ఏళ్ల నాటి ఒక కుక్క జన్యువులను నేటి స్లెడ్ కుక్కల జన్యువులతో పోల్చి 2020లో ‘సైన్స్’ పత్రికలో వ్యాసం వచ్చింది. రెండూ ఒకే వంశానివని తేలింది. అంటే చాలాచోట్ల వ్యవసాయం ఇంకా మొదలవకముందే, ఒక పని కోసం ఏరి పెంచిన కుక్క జాతి ఉంది. సుమారు వెయ్యేళ్ల కిందట తూలే సంస్కృతి ప్రజలు అలాస్కా నుంచి కెనడా మీదుగా గ్రీన్‌లాండ్ దాకా విస్తరించడానికి ఈ కుక్కలే అండ.

యూరోపియన్ అన్వేషకులు ఆ విద్యను ఇన్యూట్‌ల దగ్గర నేర్చుకున్నారు. 1911 డిసెంబర్ 14న దక్షిణ ధ్రువం చేరిన రోల్డ్ అముండ్‌సెన్ బృందం ఐదుగురు మనుషులు, 52 కుక్కలతో బయల్దేరింది. తిరిగి వచ్చిన కుక్కలు 11. మిగిలిన వాటిలో చాలావాటిని దారిలో చంపి, మనుషులకూ తోటి కుక్కలకూ తిండిగా వాడటం ముందే వేసుకున్న లెక్క. ఆ విజయాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ లెక్కను కూడా పక్కనే పెట్టి చూడాలి. 1923–24లో క్నుడ్ రాస్ముస్సెన్ అనే అన్వేషకుడు, గ్రీన్‌లాండ్‌కు చెందిన అర్నారులుంగ్వాక్ అనే మహిళ, మీటెక్ అనే వేటగాడు కెనడా ఆర్కిటిక్ తీరం పొడవునా కుక్కల బండ్ల మీద అలాస్కా చేరారు. అంటార్కిటికాలో పర్యావరణ ఒప్పందం కారణంగా 1994 నాటికి కుక్కలన్నిటినీ తరలించేశారు.

నోమ్ పట్టణం

క్రీడగా మషింగ్‌కు రూపు తెచ్చింది అలాస్కా బంగారు గనుల ఊరు నోమ్. 1908లో అక్కడ ‘ఆల్ అలాస్కా స్వీప్‌స్టేక్స్’ మొదలైంది. నోమ్ నుంచి క్యాండిల్‌కు వెళ్లి రావడం, మొత్తం 408 మైళ్లు. 1909లో విలియం గూసాక్ అనే వ్యాపారి సైబీరియా నుంచి తెచ్చిన చిన్న కుక్కలను పందెంలో దించితే, భారీ మాలమ్యూట్‌లకు అలవాటుపడ్డ ఊరు వాటిని ఎలుకలని ఎగతాళి చేసింది. మరుసటి ఏడే జాన్ జాన్సన్ సైబీరియా కుక్కలతో 74 గంటల 14 నిమిషాల్లో పందెం గెలిచాడు. ఆ రికార్డు 2008 శతాబ్ది పందెం దాకా చెక్కుచెదరలేదు. తర్వాత 1915, 1916, 1917లలో వరసగా గెలిచినవాడు నార్వే నుంచి వలస వచ్చిన లియోన్‌హార్డ్ సెప్పాలా.

1925 జనవరిలో నోమ్‌లో కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, పిల్లలకు సోకింది. ఊళ్లో ఉన్న ఒకే ఒక వైద్యుడు కర్టిస్ వెల్చ్ దగ్గరున్న సీరం మందుకు కాలం చెల్లిపోయింది. ఓడరేవు గడ్డకట్టింది, ఆ చలిలో విమానాన్ని నమ్మలేరు. ఆంకరేజ్‌లో దొరికిన మూడు లక్షల యూనిట్ల సీరంను రైల్లో నెనానా చేర్చారు. అక్కడి నుంచి 674 మైళ్లు. ఇరవైమంది మషర్లు, దాదాపు 150 కుక్కలు చేతులు మార్చుకుంటూ జనవరి 27 రాత్రి మొదలుపెట్టి అయిదున్నర రోజుల్లోపే, ఫిబ్రవరి 2 తెల్లవారుజామున సీరంను నోమ్‌కు తెచ్చారు. ఆ మషర్లలో ఎక్కువమంది స్థానిక ఆదివాసులు, టపా మోసేవాళ్లు. వాళ్ల పేర్లు పత్రికలకెక్కలేదు.

చివరి అంచె తోలిన గున్నార్ కాసెన్ లీడ్ కుక్క బాల్టోకు అదే ఏడు డిసెంబర్‌లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం వెలిసింది. అన్నిటికన్నా పొడుగైన, ప్రమాదకరమైన అంచె మాత్రం సెప్పాలా, అతని లీడ్ కుక్క టోగోలది. నోమ్ నుంచి ఎదురెళ్లి, సీరం అందుకుని, తిరిగి వచ్చి తర్వాతివాళ్లకు అప్పగించేసరికి వాళ్లు 260 మైళ్ల పైచిలుకు తిరిగారు. అందులో 91 మైళ్లు సీరంతో. నార్టన్ సౌండ్ అనే సముద్రపు పాయ మీద మంచు ఎప్పుడు విడివడి నడిసంద్రంలోకి కొట్టుకుపోతుందో తెలియని రాత్రి అది. అప్పటికి టోగోకు పన్నెండేళ్లు. కుక్కపిల్లగా రోగిష్టిది, ఎందుకూ పనికిరాదని సెప్పాలా ఎవరికో ఇచ్చేస్తే కిటికీ అద్దం పగలగొట్టుకుని తిరిగొచ్చిన కుక్క. 1929లో చనిపోయింది. దాని భౌతిక దేహాన్ని ఇప్పుడు అలాస్కాలోని వాసిల్లాలో చూడవచ్చు. 2019లో వచ్చిన ‘టోగో’ సినిమా చాలామందికి ఆ పేరును మొదటిసారి వినిపించింది.

బాల్టో తప్పేమీ లేదు. కీర్తి దక్కిన ఆ కుక్క కొన్నాళ్లకు లాస్ ఏంజెలెస్‌లో ఒక చవక ప్రదర్శనశాలలో దీనంగా బతికింది. 1927లో క్లీవ్‌లాండ్ జనం, బడిపిల్లలతో సహా, చందాలు పోగుచేసి దాన్నీ, తోటి కుక్కల్నీ విడిపించి తమ ఊరి జంతుప్రదర్శనశాలకు తెచ్చుకున్నారు. 1933లో అక్కడే చనిపోయింది. భద్రపరచిన దాని దేహం నుంచి తీసిన డీఎన్ఏను 2023లో శాస్త్రవేత్తలు పరిశీలించి, నేటి కెన్నెల్ జాతుల కన్నా దానిలో జన్యు వైవిధ్యం ఎక్కువని చెప్పారు.

ఇడిటరాడ్

1960లలో స్నోమొబైల్ అనే యంత్రపు బండి వచ్చింది. కొద్ది ఏళ్లలోనే ఇంటింటికీ జట్టున్న పల్లెల్లో కుక్కల అరుపు ఆగిపోయింది. అలాస్కా సవూంగాలో కుక్కల బండి మీద టపా తెచ్చే చివరి ఉద్యోగం 1963లో ముగిసింది. కెనడా పోలీసుల చివరి కుక్కల గస్తీ 1969లో. జో రెడింగ్టన్ అనే మషర్ దీన్ని చూసి తట్టుకోలేకపోయాడు. స్థానిక చరిత్ర మీద ప్రేమ ఉన్న డొరతీ పేజ్‌తో కలిసి 1967లో చిన్న పందెం పెట్టి, 1973లో ఆంకరేజ్ నుంచి నోమ్ దాకా వెయ్యి మైళ్ల పందెం మొదలుపెట్టాడు. అదే ఇడిటరాడ్. తొలి ఏడు 34 జట్లు బయల్దేరితే 22 గమ్యం చేరాయి. విజేత డిక్ విల్మార్త్‌కు 20 రోజులు పట్టింది. 2017లో మిచ్ సీవీ 8 రోజుల 3 గంటల 40 నిమిషాల్లో ముగించాడు. రెడింగ్టన్ తానెప్పుడూ గెలవలేదు. 71 ఏళ్ల వయసులో, 1988లో, అయిదో స్థానంలో వచ్చాడు.

పందెంలో మషర్ వెంట గొడ్డలి, నిద్రసంచి, మంచు చెప్పులు, పొయ్యి, కుక్కల కాళ్లకు గుడ్డ బూట్లు, పశువైద్యుల పుస్తకం తప్పనిసరిగా ఉండాలి. తప్పనిసరి విశ్రాంతి ఒకసారి 24 గంటలు, యూకాన్ నది మీద 8 గంటలు, నోమ్‌కు 77 మైళ్ల ముందు వైట్ మౌంటెన్‌లో మరో 8 గంటలు. పద్నాలుగో పదహారో కుక్కలతో మొదలుపెట్టి, కనీసం అయిదింటితో ముగించాలి. నలిగిన కుక్కను మజిలీలో వదిలేస్తే స్వచ్ఛందంగా పనిచేసే పైలట్లు చిన్న విమానాల్లో వెనక్కి చేరుస్తారు.

మజిలీలో జరిగేది దగ్గర నుంచి చూస్తే మషింగ్ అంటే ఏమిటో అర్థమవుతుంది. బండి ఆగగానే మషర్ ఒక్కో కుక్క దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని నాలుగు కాళ్ల బూట్లూ విప్పుతాడు. పద్నాలుగు కుక్కలంటే యాభై ఆరు బూట్లు. గడ్డి పరిచి పడుకోబెడతాడు. మంచును గిన్నెలో కరిగించి, ఆ నీళ్లలో మాంసం, చేప, కొవ్వు వేసి వేడిగా పెడతాడు. వేళ్ల సందుల్లో పగుళ్లకు మందు రాసి, మణికట్లూ భుజాలూ మర్దన చేస్తాడు. పశువైద్యులు వచ్చి గుండె చప్పుడు వింటారు, చర్మం లాగి వదిలి ఒంట్లో నీటి శాతం అంచనా వేస్తారు, చిగుళ్ల రంగు చూస్తారు. కుక్కలన్నీ తిని నిద్రపోయాక గానీ మషర్ తన తిండి సంగతి చూసుకోడు. గంటో రెండు గంటలో కునుకు తీసి, లేచి, మళ్లీ యాభై ఆరు బూట్లు తొడగాలి.

1978లో డిక్ మ్యాకీ, రిక్ స్వెన్సన్ నోమ్ వీధిలో పక్కపక్కనే పరిగెత్తారు. ముందు గీత దాటిన కుక్క ముక్కును బట్టి మ్యాకీ ఒక్క సెకను తేడాతో గెలిచాడు. అతని కొడుకులు రిక్ 1983లో, లాన్స్ 2007లో గెలిచారు. ముగ్గురిదీ 13వ నంబరే. గొంతు క్యాన్సర్ నుంచి బయటపడ్డ లాన్స్ మ్యాకీ వరసగా నాలుగేళ్లు ఇడిటరాడ్ గెలవడమే కాక, 2007లోనూ 2008లోనూ కొద్ది వారాల తేడాతో యూకాన్ క్వెస్ట్ అనే మరో సుదూర పందెం కూడా గెలిచాడు. 1985లో తుఫానుకు జడిసి తక్కిన పోటీదారులు ఆగిపోతే, లిబ్బీ రిడిల్స్ ఒక్కతే షాక్టూలిక్ నుంచి నార్టన్ సౌండ్ మంచు మీదికి జట్టును నడిపి, ఇడిటరాడ్ గెలిచిన తొలి మహిళ అయింది. ఆ తర్వాత సుసాన్ బుచర్ నాలుగుసార్లు గెలిచింది. అత్యధిక విజయాలు డల్లాస్ సీవీవి, ఆరు. 2011లో జాన్ బేకర్ గెలిచిన తొలి ఇన్యూపియాట్ మషర్. 2023లో మొదటి మూడు స్థానాలూ అలాస్కా ఆదివాసులవే, విజేత ర్యాన్ రెడింగ్టన్ స్వయంగా జో రెడింగ్టన్ మనవడు. చివరగా చేరిన మషర్‌కు ఎర్ర లాంతరు బహుమతి ఇస్తారు. వెయ్యి మైళ్లు కుక్కల్ని క్షేమంగా తెచ్చినవాడు ఓడిపోలేదని ఈ క్రీడ నమ్ముతుంది.

ఇతర పోటీలు

యూకాన్ క్వెస్ట్ 1984 నుంచి 2020 దాకా అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్, కెనడాలోని వైట్‌హార్స్ మధ్య జరిగింది. మజిలీల మధ్య దూరం ఎక్కువ కావడంతో ఇడిటరాడ్ కన్నా కఠినమని పేరు తెచ్చుకుంది. నార్వేలో 1981 నుంచి ఫిన్‌మార్క్స్‌లోపెట్ జరుగుతోంది. 1932 లేక్ ప్లాసిడ్ వింటర్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా కుక్కల బండ్ల పందెం పెడితే కెనడాకు చెందిన ఎమిల్ సెయింట్ గొడార్డ్ మొదట, సెప్పాలా తర్వాత నిలిచారు. ఒలింపిక్స్ జాబితాలో మాత్రం ఈ క్రీడకు ఇప్పటికీ చోటు దక్కలేదు.

తక్కువ దూరపు పందేలకు ఆంకరేజ్ ఫర్ రాండీ, ఫెయిర్‌బ్యాంక్స్ ఓపెన్ నార్త్ అమెరికన్ పెద్ద వేదికలు. అక్కడి మహావీరుడు హుస్లియా గ్రామపు అథబాస్కన్ మషర్ జార్జ్ అట్లా. చిన్నప్పటి క్షయ వల్ల మోకాలు వంగకపోయినా రాండీ ప్రపంచ టైటిల్‌ను పదిసార్లు గెలిచాడు. మంచు లేని దేశాల్లో కుక్కతో కలిసి పరిగెత్తే కానిక్రాస్, సైకిల్‌కు కట్టి తోలే బైక్‌జోరింగ్ పెరిగాయి. స్కీల మీద నిలబడి కుక్కతో లాగించుకునేది స్కీజోరింగ్.

విమర్శలు, కరుగుతున్న మంచు

ఈ క్రీడ మీద వచ్చే విమర్శల్లో కొన్ని కొట్టిపారేయలేనివి. సుదూర పందేల్లో కుక్కలు చనిపోతున్నాయి; 2024 ఇడిటరాడ్‌లోనే మూడు చనిపోయాయి. ఏళ్ల తరబడి గొలుసుకు కట్టేసి ఉంచే పెంపకం మీద, వయసు మళ్లిన కుక్కల గతి మీద జంతు సంక్షేమ సంఘాలు నిలదీస్తున్నాయి. పెద్ద స్పాన్సర్లు కొందరు తప్పుకున్నారు. పందేల కన్నా పర్యాటకం వైపు ఘోరం ఇంకా పెద్దది: 2010లో కెనడాలోని విస్లర్‌లో వింటర్ ఒలింపిక్స్ ముగిసి గిరాకీ పడిపోయాక పదుల సంఖ్యలో కుక్కలను చంపి పాతిపెట్టారు. దాని తర్వాత బ్రిటిష్ కొలంబియా చట్టాన్ని కఠినం చేసి, స్లెడ్ కుక్కల పెంపకానికి ప్రమాణాలు విధించింది. కుక్కలు ఇష్టంతో పరిగెత్తుతాయన్నది నిజం. ఆ ఇష్టం ఉంది కాబట్టే ఎక్కడ ఆపాలో మనిషి తెలుసుకోవాలి, ఎందుకంటే అవి తమంతట ఆగవు.

రెండో గండం వాతావరణం. బాటలో మంచు చాలక ఇడిటరాడ్‌ను 2003, 2015, 2017, 2025లలో ఉత్తరాన ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. 2016లో ఆంకరేజ్ ప్రారంభోత్సవానికి మంచును రైల్లో తెప్పించారు. గ్రీన్‌లాండ్‌లో 2019 జూన్‌లో తీసిన ఒక ఫోటోలో కుక్కల జట్టు సముద్రపు మంచు మీద నిలిచిన నీళ్లలో పరిగెత్తుతూ కనిపిస్తుంది. కింద మంచు ఇంకా ఉంది, కరిగిన నీరు దిగే దారి లేక పైన నిలిచింది. అక్కడ స్లెడ్ కుక్కల సంఖ్య ఇరవై ఏళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో డెన్మార్క్ సైన్యపు సిరియస్ దళం మాత్రం ఇద్దరు మనుషులు, ఒక జట్టు చొప్పున ఇప్పటికీ కుక్కల మీదే గస్తీ తిరుగుతోంది. అమెరికాలోని డెనాలి జాతీయ పార్కు 1920ల నుంచి తన సొంత కెన్నెల్ నడుపుతోంది.

కెనడా ఇన్యూట్‌లకు ఈ చరిత్రలో మానని గాయం ఒకటుంది. 1950లు, 60లలో వాళ్లను సంచార జీవితం నుంచి స్థిర గ్రామాలకు మార్చే రోజుల్లో పోలీసులు, అధికారులు వాళ్ల కుక్కలను కాల్చి చంపారు. క్విబెక్ ఉత్తరాన నూనావిక్‌లోనే వెయ్యికి పైగా పోయాయని విశ్రాంత న్యాయమూర్తి జాన్-జాక్ క్రోటో 2010 నివేదికలో తేల్చారు. కుక్క పోతే వేట పోయింది, వేటతోపాటు తిండీ స్వేచ్ఛా పోయాయి. కెనడా ప్రభుత్వం బాఫిన్ ప్రాంతపు ఇన్యూట్‌లకు 2019లో, నూనావిక్ ఇన్యూట్‌లకు 2024 నవంబర్‌లో క్షమాపణ చెప్పింది. రెండోసారి 4.5 కోట్ల కెనడా డాలర్ల పరిహారం ప్రకటించింది. అందులో కొంత భాగం కుక్కల జట్లను మళ్లీ నిలబెట్టడానికి. నూనావిక్‌లో 2001 నుంచి ఇవక్కాక్ అనే పందెం జరుగుతోంది. ఊరి నుంచి ఊరికి సాగే ఆ పందెంలో అలాస్కన్ హస్కీలకు ప్రవేశం లేదు. పాత ఇన్యూట్ జాతి కుక్కలే పరిగెత్తాలి.